ముప్ఫై అయిదు సార్లు తుడవమన్నదెవరు?

పాత డాస్ కంప్యూటర్‌లో ‘బడ్జెట్’ అన్న ఫైలును చెరిపేస్తే అది ‘?డ్జెట్’ అయ్యేది. అంతే. మొదటి అక్షరం ఉండాల్సిన చోట 229వ నంబరు గుర్తు ఒకటి పడేది. ఫైలు ఏయే గదుల్లో పరుచుకుని ఉందో చెప్పే పట్టికలో ఆ గదుల ఎదుట ‘ఖాళీ’ అన్న అర్థంలో సున్నాలు పడేవి. గదుల్లోని సరుకు జోలికి మాత్రం ఎవరూ వెళ్లేవారు కాదు. లాడ్జి రిజిస్టరులో మనిషి పేరు కొట్టేసి, గదిలో అతని పెట్టే బేడా అలాగే వదిలేసినట్టన్నమాట. కొత్త మనిషి వచ్చి ఆ గదిలో దిగితే పాత సామాను పోతుంది. దిగకపోతే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

ఆ 229కీ ఒక కథ ఉంది. కంప్యూటర్ భాషలో దాన్ని ఈ5 అని రాస్తారు. 1970ల్లో ఎనిమిది అంగుళాల ఫ్లాపీలు కొత్తవి కొంటే, వాటి నిండా ఈ5 అన్న విలువే రాసి వచ్చేది. గ్యారీ కిల్డాల్ తన సీపీఎం ఆపరేటింగ్ సిస్టమ్‌లో ‘ఈ5 కనిపిస్తే అక్కడేమీ లేనట్టు లెక్క’ అని పెట్టుకున్నాడు. కొత్త ఫ్లాపీ దానంతటదే ఖాళీ ఫ్లాపీ అయిపోయింది, పైసా ఖర్చు లేకుండా. డాస్ ఆ అలవాటునే తెచ్చుకుంది. తర్వాత జపాన్ వాళ్లు వచ్చి, మా కంజి లిపిలో కొన్ని అక్షరాలు సరిగ్గా ఆ ఈ5తోనే మొదలవుతాయి, మా ఫైళ్లు పుడుతూనే చచ్చినట్టు కనిపిస్తాయి మొర్రో అంటే, వాళ్ల కోసం ఆ అక్షరాన్ని 05గా దాచి ఉంచే ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

ఇలా పేరు మాత్రమే కొట్టేయడాన్ని బద్ధకం అనలేం. ఫ్లాపీ మీద రాయడమే నత్తనడక. చెరపడానికి కూడా రాసినంత సేపు పడుతుందంటే ఎవరు ఒప్పుకుంటారు? అందుకే చెరుపు అన్నది మొదటి నుంచీ ఒక మర్యాదపూర్వకమైన అబద్ధం. ఆ అబద్ధం వల్ల మొదట బాగుపడింది, దాచాలనుకున్నవాళ్లు కాదు, పోగొట్టుకున్నవాళ్లు. పీటర్ నార్టన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఒకరోజు పొరపాటున తన ఫైలొకటి చెరిపేసుకున్నాడు. మళ్లీ మొత్తం టైపు చేసే బదులు దాన్ని వెనక్కి తెచ్చే ప్రోగ్రాం రాశాడు. 1982లో వచ్చిన నార్టన్ యుటిలిటీస్‌లో అసలు ఆకర్షణ ఆ ‘అన్‌ఎరేజ్’. మిగతాదంతా అదే కనిపెట్టేది కానీ, పోయిన మొదటి అక్షరం ఏమిటో మాత్రం మనమే చెప్పాల్సి వచ్చేది. కొన్నేళ్లకు అదే పెట్టెలో ‘వైప్‌ఫైల్’ అని ఇంకో పనిముట్టు కూడా చేరింది. తాళమూ, మారుతాళమూ ఒకే కొట్లో.

దాచాలనుకున్నవాళ్లకు ఈ సంగతి తెలిసొచ్చింది 1986 నవంబరులో. ఇరాన్‌కు ఆయుధాలమ్మి, ఆ డబ్బు నికరాగువా తిరుగుబాటుదారులకు మళ్లించిన వ్యవహారం బయటపడుతున్న రోజులవి. వైట్‌హౌస్‌లో ఆలివర్ నార్త్, ఆయన పైఅధికారి జాన్ పాయిన్‌డెక్స్‌టర్ ఐబీఎం వారి ప్రాఫ్స్ అనే ఈమెయిల్ వ్యవస్థలో కూర్చుని తమ సందేశాలు చెరిపేశారు. పాయిన్‌డెక్స్‌టర్ ఒక్కడివే ఐదు వేల పైచిలుకు. వాళ్లు చెరిపింది డిస్కు మీద. కానీ ఆ డిస్కులోని సరుకునంతా టేపుల మీదకు నకలు తీసి పెట్టడం అక్కడ రోజువారీ పని. దర్యాప్తువాళ్లు టేపులు తెప్పించుకుని చదివారు. 1987లో వచ్చిన టవర్ కమిషన్ నివేదికలో ఆ సందేశాలు అచ్చయ్యాయి. మీట నొక్కగానే అంతా మాయమైందని మేం నిజంగానే నమ్మాం అన్న అర్థంలో నార్త్ తర్వాత చెప్పుకున్నాడు. నేను ఆయన మాట నమ్ముతాను. ఈ ఒక్క విషయంలో.

ఈ ఉదంతంలో గమనించాల్సింది ఎంత గట్టిగా తుడిచారన్నది కాదు. వాళ్లు వందసార్లు తుడిచినా టేపుకు ఏమీ అయ్యేది కాదు. నకలు ఇంకోచోట ఉంది. ఇంత పెద్ద పాఠం కళ్లెదుట ఉన్నా, ఆ తర్వాతి ఇరవై ఏళ్లూ లోకమంతా ‘ఎన్నిసార్లు తుడవాలి’ అన్న లెక్కలోనే పడిపోయింది.

లెక్కకు రాజముద్ర వేసింది అమెరికా రక్షణ శాఖ. రహస్య పనులు చేసే కాంట్రాక్టర్ల కోసం 1995లో తెచ్చిన 5220.22-ఎం అనే నియమావళిలో ఒక పట్టిక ఉంది: ఒకసారి ఏదో ఒక అక్షరం, రెండోసారి దానికి వ్యతిరేకం, మూడోసారి యాదృచ్ఛికంగా ఏదైనా రాయండి. అత్యంత రహస్యమైన సరుకున్న డిస్కులకు ఇది కూడా పనికిరాదని అక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఆ చివరి మాట వదిలేసి ‘మిలిటరీ స్థాయి తుడుపు’ అని డబ్బా మీద అచ్చేసుకున్నారు. 2006 నాటి నియమావళిలో ఆ పట్టికే లేదు. డబ్బా మీద మాట మాత్రం ఇప్పటికీ ఉంది.

ఇక 1996 జులై. కాలిఫోర్నియాలో శాన్ హోసే. ఇప్పుడు మనవాళ్లు గుంటూరంత చనువుగా పలికే ఊరు. అక్కడ ఆరవ యూజ్‌నిక్స్ సెక్యూరిటీ సదస్సు జరిగింది. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయం నుంచి పీటర్ గట్‌మన్ ఒక పత్రం సమర్పించాడు. డిస్కు మీద సున్నా, ఒకటి అన్నవి కాగితం మీద అంకెల్లా కచ్చితంగా ఉండవు, అవి అయస్కాంత బలాలు. సున్నా ఉన్న చోట ఒకటి రాస్తే సుమారు 0.95 పడుతుంది, ఒకటి ఉన్న చోటే మళ్లీ ఒకటి రాస్తే 1.05 పడుతుంది. మామూలు డ్రైవ్‌కు రెండూ ఒకటే. కానీ ఆ తేడాను కొలవగల సూక్ష్మదర్శిని ఉన్నవాడికి కింద ఇంతకుముందు ఏముందో అందులోనే తెలుస్తుంది. పలక మీద తడిగుడ్డతో తుడిచిన ఎక్కం ఆరాక మళ్లీ బూడిదరంగులో తేలడం చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు.

ఆ నీడను కూడా చెరపడానికి గట్‌మన్ 35 విడతల జాబితా ఇచ్చాడు. మొదట నాలుగుసార్లు యాదృచ్ఛికం, చివర నాలుగుసార్లు యాదృచ్ఛికం, మధ్యలో 27 ప్రత్యేకమైన అచ్చులు. ఆ 27 ఎందుకంటే, అప్పటి డ్రైవ్‌లు బిట్లను డిస్కు మీద పరిచే పద్ధతులు రకరకాలుగా ఉండేవి. ఒక్కో పద్ధతికి తగిన అచ్చులు ఒక్కో గుంపు. నీ డ్రైవ్ ఏ రకమో తెలిస్తే ఆ గుంపు చాలు. తెలియకపోతే అన్నీ వాడు. అంటే ఊళ్లో ఉన్న జబ్బులన్నిటి మందులూ ఒకే పొట్లంలో కట్టిచ్చి, నీకున్న జబ్బు మందు ఏరుకుని వేసుకో అన్నాడు. జనం పొట్లమంతా మింగారు.

ఫిన్లాండ్‌లో సామి టోల్వనెన్ రాసిన ‘ఎరేజర్’ అనే తుడుపు ప్రోగ్రాంలో 35 ఉంది. డేరిక్ హార్న్ తయారుచేసిన, డిస్కు మొత్తాన్ని తుడిచేసే ‘డీబ్యాన్’లో 35 ఉంది. యాపిల్ డిస్క్ యుటిలిటీలో కూడా ఒకప్పుడు 35 ఉండేది. సెకనుకు వంద మెగాబైట్ల వేగంతో రాసే 500 గిగాబైట్ల డ్రైవ్‌ను 35 సార్లు తుడవాలంటే రెండు రోజుల పైనే పడుతుంది. రాత్రి మొదలుపెట్టి పడుకుంటే మర్నాటి రాత్రికీ అవదు. అవకపోవడంలోనే ఒక తృప్తి ఉందేమో అనిపిస్తుంది. నూటెనిమిది ప్రదక్షిణలు చేసినవాడికి పది చేసినవాడికన్నా ధైర్యం ఎక్కువ. గట్‌మన్‌కే ఇది చూసి విసుగొచ్చింది. తన పత్రానికి తర్వాత చేర్చిన అనుబంధంలో, దీన్ని సాంకేతిక విశ్లేషణలా కాకుండా దయ్యాలను తోలే మంత్రంలా వాడుతున్నారని, ఏ డ్రైవ్‌కైనా 35 విడతలూ చేయడం అర్థం లేని పని అని, కొత్త డ్రైవ్‌లకు యాదృచ్ఛికంగా కొన్నిసార్లు రాస్తే అంతకు మించి చేయగలిగిందేమీ లేదని రాసుకున్నాడు. పత్రం చదవనివాళ్లు అనుబంధం ఎందుకు చదువుతారు?

అదే సదస్సులో ఇంకో పత్రం ఉంది. ప్రిన్స్‌టన్ నుంచి వచ్చిన డాన్ బోనే, రిచర్డ్ లిప్టన్ రాసింది. వాళ్లు మొదలుపెట్టిందే నార్త్ ఓడిపోయిన చోట: కంప్యూటర్‌లో ఫైలు చెరిపేస్తాం సరే, నేలమాళిగలో ఉన్న బ్యాకప్ టేపుల సంగతేమిటి? వాటిని ఒక్కొక్కటిగా తెచ్చి తుడుస్తామా? అక్కర్లేదన్నారు. టేపు మీదకు పంపే ముందే ప్రతి ఫైలుకూ తాళం వేయండి, అంటే సంకేతలిపిలోకి మార్చండి. ఫైలు వద్దనుకున్న రోజు ఆ తాళంచెవిని మరచిపోండి. టేపులు ఎన్ని ఊళ్లలో ఉన్నా, వాటి మీద ఉన్నది ఇక అర్థం లేని గీతలే. తుడవాల్సింది కొండంత సరుకును కాదు, చిటికెడు తాళంచెవిని.

ఇన్నేళ్ల తర్వాత చూస్తే ఈ రెండింటిలో నిలబడింది రెండోదే. పేరు మాత్రం మొదటిదానికొచ్చింది. మరీ విచిత్రమేమీ కాదు. తుడవడం కంటికి కనిపించే పని, తెర మీద శాతం పెరుగుతూ ఉంటుంది. మరచిపోవడం కనిపించదు.

ఈలోగా, ఎన్నిసార్లు అన్న గొడవ ఎంత గాలిలోదో ఎంఐటీలో ఇద్దరు తేల్చారు. సింసన్ గార్ఫింకెల్, అభి షెలాట్ 2000 నవంబరు నుంచి 2002 ఆగస్టు వరకు 158 పాత హార్డ్ డిస్కులు కొన్నారు. వాటిలో పనిచేసినవి 129. సరిగ్గా తుడిచి అమ్మినవి 12. మిగతావాటిలో ఐదు వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్య రికార్డులు, ప్రేమలేఖలు, ఒకదాంట్లో ఏటీఎం యంత్రం తాలూకు లావాదేవీలు. చాలావాటిని అమ్మినవాళ్లు ఫార్మాట్ కొట్టే అమ్మారు. మన దగ్గర కూడా పాత లాప్‌టాప్ అమ్మేటప్పుడు “ఫార్మాట్ కొట్టించేశానండీ” అని ధీమాగా చెబుతారు చూడండి, అదే ధీమా. క్విక్ ఫార్మాట్ చేసేది కొత్త రిజిస్టరు తెరవడమే, గదులు ఊడ్వడం కాదు. విండోస్ ఎక్స్‌పీ వరకు ఫుల్ ఫార్మాట్ కూడా డిస్కులో చెడిపోయిన చోట్లు వెతికేదే తప్ప పాతదాన్ని చెరిపేది కాదు. సున్నాలు రాయడం విస్టాతో మొదలైంది.

అయితే ఒక్కసారి తుడిస్తే చాలా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన పత్రం ఒకటి మన హైదరాబాద్‌లో వెలుగు చూసింది. 2008 డిసెంబరులో అక్కడ జరిగిన ఐసీఐఎస్ఎస్ అనే అంతర్జాతీయ సదస్సు కోసం క్రెయిగ్ రైట్, డేవ్ క్లైమన్, శ్యామ్ సుందర్ రాసిన పత్రమది. వాడుకలో ఉన్న డ్రైవ్‌లో ఒక్కసారి తుడిచిన బిట్‌ను సూక్ష్మదర్శినితో సరిగ్గా పోల్చుకునే అవకాశం నూటికి 56 అన్నారు. బొమ్మా బొరుసా వేసినదానికన్నా కాస్త మెరుగు. కానీ ఒక్క అక్షరానికి ఎనిమిది బిట్లు వరసగా కుదరాలి. 56 శాతాన్ని ఎనిమిదిసార్లు హెచ్చవేస్తే ఒక్క శాతం కూడా రాదు. అదీ ఒకే అక్షరానికి. ఉత్తరం సంగతి దేవుడెరుగు. దీనికి సాక్ష్యంగా నాకు గుర్తొచ్చేది అంతకన్నా పాత ఉదంతం: వాటర్‌గేట్ కుంభకోణంలో చిక్కిన అమెరికా అధ్యక్షుడు నిక్సన్ టేపులో మాయమైన పద్దెనిమిదిన్నర నిమిషాలు. 1972 జూన్ 20 నాటి సంభాషణ అది. కనీసం అయిదుసార్లు విడివిడిగా చెరిపారని 1974లో నిపుణులు తేల్చారు. 2003 దాకా ప్రయత్నించి అమెరికా జాతీయ అభిలేఖాగారం కూడా చేతులెత్తేసింది. అమెరికా అంతా వినాలనుకున్న టేపు అది. తుడిచింది పెద్ద సాంకేతిక నిపుణులేమీ కాదు, మామూలు రికార్డర్ మీట.

ఆ క్రెయిగ్ రైటే తర్వాత బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో నేనే అన్నాడు. 2024లో లండన్ హైకోర్టు కాదని తేల్చింది, ఆయన చూపిన పత్రాల్లో చాలా కల్పితాలని కూడా. 2008 నాటిదని చూపిన ఒక పత్రం పొట్టలో నిర్మలా యూఐ అనే ఫాంటు పేరు దొరికింది. విండోస్‌లో తెలుగును, మరికొన్ని భారతీయ లిపులను చూపించే ఆ ఫాంటు లోకానికి వచ్చింది 2012లో. చెరిగిన జాడల మీద పత్రం రాసిన మనిషికి, చెరపని జాడ ఒకటి ఇలా ఎదురొచ్చింది.

నిజానికి ఇబ్బంది పెట్టేవి ఇలాంటి జాడలే. ఫైలును ఎంత బాగా తుడిచినా దాని పేరు డైరెక్టరీలో మిగులుతుంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఫొటో పోయినా, ఫోల్డరులో దాగిన థంబ్స్ డీబీ అనే ఫైలులో దాని బుల్లి బొమ్మ ఉండేది. మెమొరీ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద రాసుకునే పేజ్‌ఫైలులో ముక్కలు ఉంటాయి. మార్క్ రస్సినోవిచ్ రాసిన ఎస్‌డిలీట్ అనే తుడుపు ప్రోగ్రాం చూస్తే ఈ పేరు చెరపడానికి పడ్డ తంటా తెలుస్తుంది. నేరుగా పేరును తుడిచే దారి విండోస్ ఇవ్వదు కనుక, అది ఫైలు పేరును 26 సార్లు మారుస్తుంది. అక్షరాలన్నీ మొదట ‘ఏ’లు, తర్వాత ‘బీ’లు, అలా ‘జెడ్’ల వరకు. ఆ తర్వాతే డిలీట్. డాస్ కొట్టేసిన ఆ ఒక్క మొదటి అక్షరం నుంచి ఇక్కడికి వచ్చాం.

ఇంతా చేసి డిస్కు కథ ముగిసిందనుకునేసరికి డిస్కే మారిపోయింది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, ఫ్లాష్ చిప్‌లు ఉంటాయి. వాటిలో రాసిన చోటే మళ్లీ రాయడం కుదరదు. ఒక పెద్ద బ్లాకును మొత్తంగా చెరిపితేనే కొత్తగా రాయగలం. ఏ బ్లాకూ ఇన్నిసార్లకు మించి చెరుపు తట్టుకోదు. అందుకని లోపల ఒక మేనేజరు కూర్చుని ఉంటాడు. మీరు “12వ గది తుడువు” అంటే, ఎక్కడో శుభ్రంగా ఉన్న ఇంకో గది తలుపుకు 12 అన్న బోర్డు తగిలించి చూపిస్తాడు. పాత 12లో సామాను అలాగే ఉంటుంది, తీరిక దొరికినప్పుడు ఊడుస్తాడు. 35 సార్లు తుడవమంటే 35 కొత్త గదులు చూపిస్తాడు, అంతే.

2011లో, మళ్లీ శాన్ హోసేలోనే, ఫాస్ట్ అనే సదస్సులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు మైకేల్ వెయ్ బృందం దీన్ని కొలిచి చూపించింది. చిప్‌లను ఊడబెరికి నేరుగా చదివారు. ఒక్క ఫైలును తుడిచే పద్ధతుల్లో ఒక్కటి కూడా నెగ్గలేదు. సాటా ఎస్‌ఎస్‌డీలలో ఫైలులో 4 నుంచి 75 శాతం దాకా మిగిలిపోయింది. డ్రైవ్‌లోనే ఉండే ‘మొత్తం చెరిపెయ్’ ఆదేశాన్ని పరీక్షిస్తే ఒక డ్రైవ్ ‘పని పూర్తయింది’ అని బదులిచ్చింది, లోపల ఒక్క బైటు కూడా కదల్లేదు. యాపిల్ కూడా నాలుగేళ్లకు ఒప్పుకుంది. 2003 నుంచి మ్యాక్‌లో ఉన్న ‘సెక్యూర్ ఎంప్టీ ట్రాష్’ను 2015లో తీసేసింది, ఫ్లాష్ మీద హామీ ఇవ్వలేమంటూ. అసలు తెలిసినవాళ్లు దేన్ని నమ్ముతారో అప్పటికే లోకం చూసింది. 2013 జులైలో లండన్‌లో గార్డియన్ పత్రిక ఆఫీసు నేలమాళిగలో, జీసీహెచ్‌క్యూ గూఢచారి సంస్థవాళ్లు నిలబడి చూస్తుండగా, ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన అమెరికా నిఘా రహస్య పత్రాలున్న కంప్యూటర్లను పత్రికవాళ్లే గ్రైండర్లతో, డ్రిల్లులతో కోసి పొడి చేశారు. ఆ పత్రాల నకళ్లు అప్పటికే అట్లాంటిక్ దాటి ఉన్నాయని ఆ గదిలో అందరికీ తెలుసు.

అప్పుడు పనికొచ్చింది ప్రిన్స్‌టన్ వాళ్ల తాళంచెవి. తొలి ఐఫోన్లలో ‘అంతా చెరిపెయ్’ అంటే గంటల తరబడి తుడుస్తూ కూర్చునేది. 2009లో వచ్చిన 3జీఎస్‌తో ఆ పని రెప్పపాటు వ్యవహారమైంది. ఫోనులోని సరుకంతా మొదటి రోజు నుంచే సంకేతలిపిలో ఉంటుంది. చెరపడమంటే చెవిని పారేయడం. 2015లో వచ్చిన మార్ష్‌మెలోతో కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ చాలావరకు తాళం వేసి ఉంచడం తప్పనిసరైంది. ఇప్పుడు పాత ఫోను అమ్మే ముందు రీసెట్ కొడితే జరిగేది ఇదే. షరతు ఒకటుంది: తాళం ముందే వేసి ఉండాలి. ఏళ్ల తరబడి తెరిచి ఉంచిన ఇంటికి వెళ్లే రోజున తాళం వేసి, చెవి బావిలో పడేస్తే లాభం లేదు. క్లౌడ్‌లో తాళం లేని నకలు ఉంటే నార్త్ గారి టేపే గతి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ చెవి కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాల్సిందే. దాన్నైతే నిజంగానే తుడవాలి, బోర్డులు మార్చే మేనేజరు చేతికి ఇవ్వకూడదు. అందుకోసం ఐఫోన్లలో ఫ్లాష్‌లోనే ఒక చిన్న మూలను విడిగా కేటాయించారు. దాని పేరు ఎఫేసబుల్ స్టోరేజ్. అక్కడ మేనేజరుకు ప్రవేశం లేదు, చెరిపెయ్ అంటే ఆ చోటే చెరుగుతుంది. దాచాల్సిన చెవి 256 బిట్లు, అంటే 32 బైట్లు. కంప్యూటర్‌లో తెలుగులో ‘ముప్ఫై అయిదు’ అని టైపు చేస్తే పట్టేది 34.